శాస్త్రరంగంలో పనిచేయాలంటే ఎంత చదవాలి?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, ఇంట్లో చర్చ మొదలవుతుంది. మీకు సైన్సంటే ఇష్టం. మార్కులూ బాగానే వచ్చాయి. సైంటిస్టు కావాలంటే ఇంకా ఎన్నేళ్ళు చదవాలన్నది మాత్రం ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఒకరు "పిహెచ్.డి. దాకా చదవాలి, ముప్ఫై ఏళ్ళు వచ్చేస్తాయి" అంటారు. ఇంకొకరు "బి.టెక్. చాలు, ఇస్రోలో తీసుకుంటారు" అంటారు. మరొకరు "రామన్‌కి పిహెచ్.డి. ఉందని నోబెల్ ఇచ్చారా?" అని అడుగుతారు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయినా మీరు ఏ కాలేజీలో దరఖాస్తు పెట్టుకోవాలో ఆ మాటలవల్ల తేలదు.

ఎందుకు తేలదంటే, "సైన్సులో ఉద్యోగం" అనేది ఒక్క ఉద్యోగం కాదు. వ్యవసాయంలో దున్నేవారు, విత్తనం తయారుచేసేవారు, మట్టిని పరీక్షించేవారు వేరువేరుగా ఉన్నట్టే సైన్సులోనూ వేరువేరు పనులున్నాయి. ఒక్కో పనికి ఒక్కో మేరకు చదువు కావాలి. అందువల్ల ముందు పనిని గుర్తించి, తరువాత చదువును కొలుచుకోవాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. ముందు డిగ్రీ సంపాదించి, ఆ తరువాత దానికి తగిన పని ఏదా అని వెతుకుతాం.

ఇది బాగా అర్థం కావడానికి మన ప్రాంతంలోని ఒక సమస్యనే తీసుకుందాం.

సీసాడు నీళ్ళు, అయిదు రకాల పనులు

తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళమీద మచ్చలు వస్తాయి. మరీ ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు గట్టిపడి, కీళ్ళు బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. ఈ జబ్బు మన దేశంలో ఉన్నదని మొదటిసారి శాస్త్రీయంగా వెల్లడించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతం గురించి వచ్చిన పరిశోధన పత్రం. తరువాతి కాలంలో నల్లగొండ పేరు ఈ సమస్యకు మారుపేరయింది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

ఒక ఊళ్ళో బోరు వేశారనుకోండి. ఆ నీరు తాగవచ్చా, తాగకూడదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రావాలంటే ఎంతమంది చేతులు పడాలో చూడండి.

మొదటి పరీక్ష ఊళ్ళోనే జరగవచ్చు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలోనూ అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష పెట్టె వాడటంలో శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. పరీక్ష గొట్టంలో నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టమీది రంగులతో పోల్చి చూస్తారు. దీనికి ఏ డిగ్రీ అక్కరలేదు. చెప్పినట్టు చెయ్యడం, చూసింది చూసినట్టు రాయడం వస్తే చాలు.

రెండవ పని నమూనా తేవడం, పరికరాలు నడిపించడం. బోరును కొన్ని నిమిషాలు వదిలేసి, గొట్టంలో నిలవ ఉన్న నీరు పోయిన తరువాతే పట్టాలి. గాజు సీసా కన్నా పాలిథిన్ సీసా మేలు. సీసామీద ఊరు, తేదీ, బోరు లోతు రాయాలి. ప్రయోగశాలలో విద్యుత్తు, పంపులు, మీటర్లు పాడవకుండా చూసుకోవాలి. ఇది ఐ.టి.ఐ., డిప్లొమా చదివినవారి చేతిపని. ఇక్కడ తప్పు జరిగితే పైన ఎంత పెద్ద చదువు చదివినవారున్నా ఆ తప్పును సరిదిద్దలేరు. వారి దగ్గరికి చేరేది తప్పు నీరే కదా.

మూడవది విశ్లేషణ. ఫ్లోరైడ్‌ను గుర్తించే ఎలక్ట్రోడ్‌ను నీటిలో ముంచి మీటరులో అంకె చూస్తారు. అంతకుముందు పరిమాణం తెలిసిన ద్రావణాలతో మీటరును సరిచూడాలి. నమూనాలో బఫర్ ద్రావణం కలపాలి. రోజుకు పదుల సంఖ్యలో నమూనాలను ఇలా నమ్మకంగా పరీక్షించడం రసాయనశాస్త్రం ఒక సబ్జెక్టుగా బి.యస్సి. చదివినవారు చేయగల పని.

నాల్గవ పని ఆ అంకెను అనుమానించడం. నీటిలో అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు కనిపించేది విడిగా ఉన్న ఫ్లోరైడ్ మాత్రమే. కాబట్టి మీటరు తక్కువ చూపిస్తుంది. ఆ పట్టు విడిపించడానికే బఫర్ కలిపేది. ఈ కారణం తెలియనివారు ఎప్పుడైనా బఫర్ అయిపోతే "ఈ ఒక్కరోజుకు పరవాలేదు" అనుకోవచ్చు. తెలిసినవారు ఆ రోజు పరీక్ష ఆపేస్తారు. ఈ తెలివిడి సాధారణంగా ఎం.యస్సి. స్థాయిలో వస్తుంది. ప్రయోగశాల బాధ్యుడిగా నివేదికమీద సంతకం చేయడానికి ఈ స్థాయి అవసరం. ఆ సంతకం మీద ఒక ఊరు నమ్మకం పెట్టుకుని నీళ్ళు తాగుతుంది.

అయిదవ పని పూర్తిగా వేరు. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకదానిలో ఫ్లోరైడ్ ఎక్కువగానూ, రెండోదానిలో తక్కువగానూ ఎందుకుంది? ఆ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీరు రాతిలో ఎంతకాలం నిలిచింది, దానిలో కాల్షియం ఎంత, బైకార్బొనేటు ఎంత అన్నదాన్నిబట్టి ఫ్లోరైడ్ కరుగుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో అది ఎక్కువ కరుగుతుంది. ఇంతవరకు ఇప్పుడు పుస్తకాల్లో ఉంది. కాని ఒకప్పుడు ఎవరో ఆ ప్రశ్న వేసుకుని, ఏ కొలతలు తీస్తే జవాబు వస్తుందో ఆలోచించి, ఏళ్ళ తరబడి కొలిచి, ఇతర శాస్త్రవేత్తల ఆక్షేపణలకు సమాధానం చెప్పుకున్నాకే అది పుస్తకంలోకి ఎక్కింది. ఇది పిహెచ్.డి. శిక్షణ కోరే పని.

పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే "నల్లగొండ పద్ధతి"ని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. అటువంటి పద్ధతి ఊళ్ళోకి రావాలన్నా ఈ అయిదు రకాల పనివారూ కావాలి. ఇందులో ఒకరిది పెద్ద సైన్సూ, ఇంకొకరిది చిన్న సైన్సూ కాదు. అయితే ఒకరి చదువుతో ఇంకొకరి పని చేయలేరు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఉద్యోగ ప్రకటనలు ఏమంటున్నాయి?

ఇప్పుడు దేశంలోని సంస్థలు ఏ మెట్టు దగ్గర ఎవరిని తీసుకుంటున్నాయో చూద్దాం. ఇస్రోనే తీసుకోండి. శ్రీహరికోట వంటి కేంద్రాలలో టెక్నీషియన్ ఉద్యోగానికి పదో తరగతితోపాటు సంబంధిత ట్రేడులో ఐ.టి.ఐ. కావాలి. టెక్నికల్ అసిస్టెంటుకు ఇంజనీరింగ్ డిప్లొమాలో ప్రథమశ్రేణి ఉండాలి. సైంటిఫిక్ అసిస్టెంటుకు బి.యస్సి.లో ప్రథమశ్రేణి ఉండాలి. "సైంటిస్ట్/ఇంజనీర్" అనే హోదాతో ప్రవేశించడానికి చాలా పోస్టులకు బి.ఇ. లేదా బి.టెక్. ప్రథమశ్రేణిలో, కనీసం 65 శాతం మార్కులతో పాసైతే పరీక్షకు అర్హులు.

ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఇంజనీరింగ్ పట్టభద్రులను, ఎం.యస్సి. చదివినవారిని ఎంపిక చేసి, తన శిక్షణ పాఠశాలలో ఒక ఏడాది స్టైపెండు ఇస్తూ తర్ఫీదు చేసి సైంటిఫిక్ ఆఫీసర్లుగా తీసుకుంటుంది. భారత భూగర్భ సర్వే సంస్థలో జియాలజిస్టు కావాలంటే భూగర్భశాస్త్రంలో పి.జి. చేసి, యు.పి.ఎస్.సి. నిర్వహించే జియో సైంటిస్టు పరీక్ష రాయాలి. వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంటు పోస్టులకు 2022లో జరిగిన నియామకాలలో భౌతికశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉన్న బి.యస్సి. వారికి కూడా అర్హత ఇచ్చారు.

ఇక హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., ఎన్.జి.ఆర్.ఐ. వంటి సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలలు. వీటిలోనూ టెక్నీషియన్లు, టెక్నికల్ అసిస్టెంట్లు ఉన్నారు. కాని సైంటిస్టు ఉద్యోగానికి సాధారణంగా పిహెచ్.డి. అడుగుతారు. ఇంజనీరింగ్ విభాగాలలో ఎం.టెక్. కూడా చెల్లుతుంది.

గమనించారా? ఒకచోట బి.టెక్. చేసిన ఇరవై రెండేళ్ళ యువతి సైంటిస్టు. ఇంకొకచోట ఆ పేరు రావాలంటే పిహెచ్.డి. తప్పదు. ఇందులో అన్యాయమేమీ లేదు. ఇస్రోలో అధికభాగం పని ఒక వాహనాన్ని, ఒక ఉపగ్రహాన్ని రూపొందించి, పరీక్షించి, అనుకున్న రోజుకు ఎగరవేయడం. లక్ష్యం ముందే నిర్ణయమై ఉంటుంది. వందలమంది కలిసి దాన్ని చేరుకోవాలి. జీవశాస్త్ర ప్రయోగశాలలో ఒక సైంటిస్టును తీసుకునేటప్పుడు "వచ్చే పదేళ్ళలో మీరు ఏ ప్రశ్నమీద పనిచేస్తారు?" అని అడుగుతారు. ప్రశ్నను తానే తయారు చేసుకోవలసినవారికి పిహెచ్.డి. అవసరం. నిర్ణయమైన లక్ష్యాన్ని చేరుకోవలసినవారికి గట్టి డిగ్రీ, ఆపైన ఉద్యోగంలో శిక్షణ సరిపోతాయి.

డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావాలనుకునేవారి సంగతీ చెప్పుకోవాలి. 2023 జూలైలో యు.జి.సి. చేసిన సవరణ ప్రకారం అసిస్టెంటు ప్రొఫెసర్ నియామకానికి ఎం.యస్సి. తరువాత నెట్ లేదా రాష్ట్రస్థాయి సెట్ పాసవడం కనీస అర్హత. పిహెచ్.డి. ఉంటే మంచిదేకాని తప్పనిసరి కాదు. హైస్కూలులో సైన్సు చెప్పడానికి బి.యస్సి.తోపాటు బి.ఇడి. కావాలి. మందుల కంపెనీల నాణ్యతా విభాగాలు, ఆసుపత్రి ప్రయోగశాలలు, నేర పరిశోధన ప్రయోగశాలలు కూడా సైన్సు చదివినవారికి పని ఇచ్చే చోట్లే.

పిహెచ్.డి. అంటే ఇంకో ఎం.యస్సి. కాదు

చాలామంది పిహెచ్.డి. అంటే ఇంకా లావుపాటి పుస్తకాలు, ఇంకా కష్టమైన పరీక్షలు అనుకుంటారు. అది సరికాదు. ఎం.యస్సి. వరకు మీకిచ్చే ప్రశ్నలకు ఎక్కడో ఒకచోట జవాబు ఉంటుంది. పరీక్ష దిద్దేవారి దగ్గర ఆ జవాబు ఉంటుంది కూడా. పిహెచ్.డి.లో జవాబు మీ గైడు దగ్గరా ఉండదు. ఆరునెలలు చేసిన ప్రయోగం ఏమీ తేల్చకుండా పోవచ్చు. అప్పుడు ప్రశ్న తప్పా, పరికరం తప్పా, తన ఊహ తప్పా అని విడదీసి చూసుకోవడం నేర్చుకోవాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. వడ్రంగం, సంగీతం లాగా ఒకరి దగ్గర ఉండి నేర్చుకునే విద్య.

నిబంధనలు ఇలా ఉన్నాయి. 2022 నవంబరులో వచ్చిన యు.జి.సి. నియమాల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్ళు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు. రెండేళ్ళ ఎం.యస్సి. చేసినవారు చేరవచ్చు. నాలుగేళ్ళ డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తిచేసినవారు ఎం.యస్సి. లేకుండానే నేరుగా ప్రవేశానికి అర్హులు. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది. ఎం.ఫిల్. డిగ్రీని తీసివేశారు. కనుక ఎవరైనా ఇప్పుడు "ముందు ఎం.ఫిల్. చెయ్యి" అని సలహా ఇస్తే అది పాత సలహా.

వయసు లెక్క వేసుకోండి. ఇంటర్మీడియట్‌కు పదిహేడు పద్దెనిమిది, బి.యస్సి.కి ఇరవై ఇరవై ఒకటి, ఎం.యస్సి.కి ఇరవై రెండు ఇరవై మూడు. సైన్సులో పిహెచ్.డి.కి అయిదేళ్ళు పడుతుందనుకోవడం మంచిది. అంటే ఇరవై ఎనిమిది. పరిశోధన సంస్థలో స్థిరమైన ఉద్యోగం కోరేవారు ఆ తరువాత ఇంకో రెండు మూడేళ్ళు పోస్ట్ డాక్టొరల్ పరిశోధన చేయవలసి ఉంటుంది. ఆపైనా శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. పిహెచ్.డి. చేసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ ఏళ్ళకు డబ్బు ఎవరిది?

ఇది చాలా ఇళ్ళలో బయటికి అనలేని ప్రశ్న. కౌలు చేసుకునే తండ్రి ఇంకా పదేళ్ళు చదివించగలడా? చెల్లెలి పెళ్ళి ఎవరు చేస్తారు? ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం చాలామందికి తెలియక మంచి విద్యార్థులు ఆగిపోతున్నారు. ఎం.యస్సి. వరకు చదువుకు మనం డబ్బు కట్టాలి. పిహెచ్.డి.కి మాత్రం, అర్హత పరీక్షలో నెగ్గితే, ప్రభుత్వమే మనకు డబ్బు ఇస్తుంది.

సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకున్నవారికి 2023 జనవరి నుంచి వర్తించేలా పెంచిన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. ఇది పెద్ద జీతం కాదు. ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా వస్తుందని పరిశోధక విద్యార్థులు చెప్పే ఫిర్యాదూ నిజమే. అయినా మీ ఖర్చు మీరు పెట్టుకుని ఇంటికి కొంత పంపడానికి ఇది వీలిస్తుంది.

ఫెలోషిప్ లేకుండా పిహెచ్.డి.లో చేరేవారి పరిస్థితి వేరు. వారికి అందేది చాలా తక్కువ. కొన్నిచోట్ల ఏమీ ఉండదు. కాబట్టి ఇంటి పరిస్థితి బలంగా లేనివారు ఒక నియమం పెట్టుకోవడం మంచిది. ఫెలోషిప్ వస్తేనే పిహెచ్.డి.లో చేరాలి. రాకపోతే ఎం.యస్సి.తో దొరికే ఉద్యోగంలో చేరి మళ్ళీ పరీక్ష రాయాలి. ఫెలోషిప్‌కు వయోపరిమితి ఉంటుంది కనుక ప్రకటన వచ్చినప్పుడల్లా చూసుకుంటూ ఉండాలి.

ఎం.యస్సి. లోపల కూడా ఖర్చు తగ్గించుకునే మార్గాలున్నాయి. తిరుపతిలో 2015లో మొదలైన ఐసర్‌తో కలిపి దేశంలో ఏడు ఐసర్లు ఉన్నాయి. ఇంటర్ తరువాత ప్రవేశ పరీక్ష రాసి అయిదేళ్ళలో బి.యస్.-ఎం.యస్. పూర్తిచేయవచ్చు. భువనేశ్వర్‌లోని నైసర్‌కు నెస్ట్ పరీక్ష ఉంది. ప్రకృతి శాస్త్రాలు చదివే ప్రతిభావంతులకు ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80,000 రూపాయల వరకు ఉపకారవేతనం ఉంది. మామూలు డిగ్రీ కాలేజీలో బి.యస్సి. చదివినవారు జామ్ పరీక్ష రాసి ఐ.ఐ.టి.లలో ఎం.యస్సి.కి వెళ్ళవచ్చు. ఈ పరీక్షల సంగతి చివరి సంవత్సరం చివరి నెలలో కాక, మొదటి సంవత్సరంలోనే తెలుసుకోండి.

మరి రామన్‌కు, బోసుకు డాక్టరేటు లేదు కదా?

నిజమే. సి.వి. రామన్ 1907లో ఎం.ఏ. పూర్తిచేసి అదే ఏడు ఆర్థికశాఖలో ఉద్యోగానికి వెళ్ళారు. సత్యేంద్రనాథ్ బోసు 1915లో ఎం.యస్సి. చేశారు. 1924లో ఐన్‌స్టీన్‌ను ఆకట్టుకున్న పరిశోధన పత్రం రాసేనాటికి ఆయనకు పిహెచ్.డి. లేదు. దూరదేశాల ఉదాహరణలూ ఉన్నాయి. జపాన్‌కు చెందిన కోయిచి తనాకా విద్యుత్ ఇంజనీరింగులో మొదటి డిగ్రీ మాత్రమే చేసి, ఒక పరికరాల కంపెనీలో పనిచేస్తూ, పెద్ద ప్రోటీన్ అణువులు చెదరకుండా వాటి బరువు తూచే మార్గం కనుక్కుని 2002లో నోబెల్ పొందారు. చైనాకు చెందిన తు యూయూ పిహెచ్.డి. లేకుండానే మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు 2015లో నోబెల్ అందుకున్నారు.

వీరి జీవితాలనుంచి "చదువు అక్కరలేదు" అని తేల్చుకోవడం తొందరపాటు. రామన్ కలకత్తాలో ఏళ్ళ తరబడి ఆఫీసుకు వెళ్ళకముందూ, ఆఫీసునుంచి వచ్చాకా ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో గడిపారు. 1917లో ప్రొఫెసరయ్యేనాటికే ఆయన పేరుమీద ఎన్నో పరిశోధన పత్రాలున్నాయి. అంటే పిహెచ్.డి.లో జరిగే శిక్షణను ఆయన మరో దారిలో, ఇంకా ఎక్కువ కాలం పొందారు. పైగా ఆ రోజుల్లో మన దేశంలో పిహెచ్.డి. ఒక ఆనవాయితీ కాలేదు. తనాకా, తు యూయూ కూడా ఏళ్ళ తరబడి ప్రయోగశాలలోనే రాటుదేలారు. పట్టా లేకపోవచ్చుగాని, శిక్షణ లేనివారు వీరిలో ఒక్కరూ లేరు. ఆ శిక్షణను ఈ రోజుల్లో సులువుగా అందించే తలుపు పిహెచ్.డి. అంతే తేడా.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు కథ దీనికి ఇంకో వైపు చూపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. అక్కడ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదివి, 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తరతరాల జీవరసాయనశాస్త్ర విద్యార్థులకు పాఠమయింది. పదో తరగతి మార్కులు చూసి ఎవరూ తమకు సైన్సు రాదని తీర్మానించుకోనక్కరలేదు.

మూసుకునే తలుపులు, తెరిచి ఉండే తలుపులు

ఏ నిర్ణయాన్ని తరువాత మార్చుకోవచ్చు, దేన్ని మార్చుకోలేం అన్నది తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

ఇంటర్‌లో గణితం వదిలేస్తే భౌతికశాస్త్రం, ఇంజనీరింగు దాదాపు మూసుకుపోతాయి. గణితం తీసుకున్నవారు తరువాత జీవశాస్త్రంవైపు రావడం దానికన్నా సులువు. జీవశాస్త్ర పరిశోధనలో ఇప్పుడు గణితం, కంప్యూటరు పని చాలా ఉంది. కాబట్టి బై.పి.సి. తీసుకున్నవారు కూడా గణితాన్ని పూర్తిగా మరిచిపోవద్దు. ఐసర్ ప్రవేశపరీక్షలో నాలుగు సబ్జెక్టులనుంచీ ప్రశ్నలుంటాయి.

పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే పైచదువు తలుపు మూసుకుపోదు. ఇసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. గణితంతో బి.యస్సి. చేసినవారికీ ఈ పరీక్ష ఉంది. ఉద్యోగంలో చేరాక చదువుకునే వీలూ ఉంది. అణుశక్తి విభాగంలో పనిచేసే ఆఫీసర్లు హోమీ భాభా జాతీయ సంస్థ ద్వారా పిహెచ్.డి. చేస్తున్నారు. హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982నుంచి ఉద్యోగులకు డిగ్రీ చదివే అవకాశం కల్పిస్తోంది. అయితే ఒక హెచ్చరిక. టెక్నీషియన్‌గా చేరినవారికి పదోన్నతులు ఉంటాయిగాని, అవి వాటంతట అవే సైంటిస్టు హోదాకు తీసుకువెళ్ళవు. అక్కడికి చేరాలంటే మధ్యలో చదివి మళ్ళీ పోటీ పడాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంకో గడప ఉంది. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. పరిశోధన పత్రాలన్నీ దాదాపు ఇంగ్లీషే. దీనికి బెదిరి వెనక్కి తగ్గకండి. ముందు విషయాన్ని తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి బాగా అర్థం చేసుకోండి. తరువాత అదే విషయాన్ని ఇంగ్లీషు పుస్తకంలో రోజుకు రెండు పేజీలు చదవండి. విషయం ముందే తెలుసు కనుక భాషతో మాత్రమే పోరాడితే సరిపోతుంది. బి.యస్సి. మొదటి సంవత్సరంలో మొదలుపెడితే చివరి సంవత్సరానికి ఈ గడప దాటవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ప్రయోగాలు చేయకుండా బి.యస్సి. పాసవడం. ప్రాక్టికల్ రికార్డు పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకుంటే మార్కులు వస్తాయి. కాని బ్యూరెట్టు పట్టుకోవడం రానివారికి ఆ డిగ్రీ ఏ మెట్టుమీదా నిలబెట్టదు. మీ కాలేజీలో పరికరాలు పాడైపోయి ఉంటే వేసవి సెలవుల్లో మీ జిల్లాలోని నీటి పరీక్షా ప్రయోగశాలకో, విశ్వవిద్యాలయానికో వెళ్ళి పని నేర్పమని అడగండి. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి.

కాగితం తీసుకోండి

ఇప్పుడు ఒక కాగితంమీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఒకటి, రోజంతా ఏ పని చేస్తే మీకు విసుగు రాదు? పరికరాన్ని విప్పి బిగించడమా, జాగ్రత్తగా కొలవడమా, కొలత ఎందుకు అలా వచ్చిందని తవ్వడమా, ఇతరులకు చెప్పడమా? రెండు, మీ ఇల్లు మీ సంపాదన లేకుండా ఎన్నేళ్ళు నడుస్తుంది? ఇంట్లో కూర్చుని నిజంగా లెక్క వేయండి. మూడు, ఆ గడువులోపల మీరు చేరగల మెట్టు ఏది, అక్కడినుంచి పైకి వెళ్ళే తలుపు ఏది?

విప్పి బిగించడమే ఇష్టమైతే ఐ.టి.ఐ., డిప్లొమా చాలు. కొలవడం ఇష్టమైతే మంచి బి.యస్సి. చదవండి. కొలతను అనుమానించే బాధ్యత కావాలంటే ఎం.యస్సి. చదవాలి. ఎవరూ అడగని ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే, ఫెలోషిప్ సంపాదించుకుని పిహెచ్.డి.కి వెళ్ళండి. అయిదేళ్ళు పడుతుందని తెలిసే వెళ్ళండి. ఈ కాగితాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించి, వారికి అర్థమయ్యేలా చెప్పండి. మీ చదువుకయ్యే ఏళ్ళ భారం వారూ మోస్తున్నారు కనుక, ఆ లెక్క తెలుసుకునే హక్కు వారికీ ఉంది.